నలభై ఎనిమిది గంటలు

తోతాపురి సొన తగిలి తగిలి
బొటనవేలి మీద గీతలు పోయినాయి.
ఫోను నన్ను గుర్తుపట్టదు.
మూడుసార్లు కాదు పొమ్మని
నాలుగోసారి నంబరు అడగతాది.
గ్రీమ్స్‌పేటలో పుట్టి పెరిగినదాన్ని,
నా ఫోనుకే పరాయిదాన్ని.

పల్పు ఫ్యాక్టరీలో శనివారం కూలి ఇచ్చినారు.
బియ్యం, గ్యాసు, చీటీ పోను
మిగిలింది రెండు నూర్లు, కొంచెం చిల్లర.
దాంతో ఈ నెలకు ఒక్క యాప్.
ఒక్కటంటే ఒక్కటే.

ఇంక చూడు పంచాయితీ.
మా అత్త ధనకోటమ్మది గుడియాత్తం,
అరవ సీరియల్ లేని యాప్ ఆమెకు ఉప్పు లేని సంగటి.
మా హేమంత్‌కు క్రికెట్టు, అది ఇంకోదాంట్లో.
వానొచ్చి ఆట ఆగిపోతే దుడ్డు వాపసు లేదు.
మా ఆయన మొగిలికి కత్తులు, నెత్తురు, గాల్లోకి లేచే సుమోలు,
అవి మూడోదాంట్లో.
"ఏడాదికి ఒకేసారి కడితే సగానికి సగమే" అంటాడు,
ఆటో కిస్తీ మూడు ముక్కలుగా కట్టే మనిషి.

చవక ప్లానయితే నడుమ నడుమ ప్రకటనలు.
హీరోయిన్ ఏడ్చబోతాది,
పళ్ళపొడి, ఇంటి లోను, మళ్ళీ పళ్ళపొడి.
వెనక్కొచ్చేసరికి ఆ కండ్లు ఆరిపోయుంటాయి.

నీకేం కావాలని ఎవరూ అడగలా.
అడిగుంటే ఏం చెప్పాలో నాకూ తెలీదు.

జబ్బార్ అన్నకు తెలిసేది.
దర్గా కాడ ఆయన క్యాసెట్ల అంగడి.
చెవి మీద పెన్సిలు, అట్ట చినిగిన నోటుబుక్కు,
రోజుకు పది,
రివైండ్ చేయకుండా ఇస్తే ఇంకో రెండు.
మా చెల్లెలు కాంచన పోయిన నెలకు
నేనేదో పెట్టె చేతిలోకి తీసుకుంటే
మెల్లిగా లాక్కుని పైఅరలో పెట్టేసినాడు.
"ఇది ఇప్పుడొద్దులేమ్మా."
ఎందుకని నేనడగలా.
నవ్వుల సినిమా ఒకటి చేతిలో పెట్టి
నోటుబుక్కులో నా పేరుకు ఎదురుగా
ఏమీ రాసుకోలా.
అట్లని దేవుడేం కాదు ఆయన.
కొత్త క్యాసెట్టు ఎస్సై ఇంటికి పంపి
"ఇంకా రాలేదమ్మా" అని నా మొహం మీదే అబద్ధమాడేవాడు.

ఆ పైఅర పేరు మాత్రం
పాతికేళ్ళు నాలుక మీదనే ఉండిపోయింది.
శనివారం రాత్రి వెతికినా.
మొదటిదాంట్లో లేదు.
రెండోదాంట్లో బొమ్మ ఉంది, నొక్కితే
మీ ప్రాంతంలో దొరకదంటాది.
చిత్తూరు ఏ ప్రాంతమో దానికెట్ట తెలుసు,
మాకే తెలీదు,
సగం నోరు అరవం, సగం తెలుగు.
మూడోది "ఇలాంటివే" అని పన్నెండు చూపించింది,
ఒక్కటీ ఇలాంటిది కాదు.
చివరికి ఒక మూల, బాడుగకు.
డెబ్బై తొమ్మిది రూపాయలు.
మొదలుపెట్టినాక నలభై ఎనిమిది గంటలు.

కట్టేసినా.
హాల్లో పంచాయితీ నడస్తానే ఉండాది.

ఆ రాత్రి పేర్లు పడేలోపలే నిద్రపోయినా.
ఆదివారం నీళ్ళ ట్యాంకరు వచ్చేలోగా
బిందెల వరసలో నిలబడి కొంచెం.
సోమవారం నేను కోసిన కాయకొక ముక్క
గడియారం కోసుకుంటా పోయింది.
రాత్రి, గడువు ఇంకో అరగంట ఉండంగా,
వంటింటి గోడకానుకుని మిగతాది చూసినా.
చెల్లెలు పోతాది. అక్క మిగులుతాది.
అక్క పొద్దున్నే లేచి
రెండు జడలకు సరిపడా నూనె
అరచేతిలో పోసుకుంటాది, మరిచిపోయి.

అంతే. జబ్బార్ అన్న దాచిపెట్టింది
ఆ నూనె.

కొంగు తడిసిపోయింది.
ఎలా ఉందని తెర అడిగింది,
బొటనవేలు పైకా, కిందికా.
దానికేం చెప్పలా.
ఇంకా నాలుగు నిమిషాలు ఉండాయి.
వేలితో లాగి, మెల్లిగా,
సినిమాను మళ్ళీ మొదటికి తెచ్చి పెట్టినా,
ఎవరికి తిరిగి ఇచ్చేదానికో.

హాల్లో మా అత్త గెలిచినట్టుండాది.
పళ్ళపొడి గురించి ఎవరో
అరవంలో అరుస్తా ఉండారు.